బ్రదర్ ఎడ్డీ కోసం

ఎనభై నాలుగులో అమెరికాలోని పిస్కాటవే ఊరి తెలుగు చర్చి సంఘమంతా మూడు ఆదివారాలు కన్నీళ్లతో ప్రార్థించాక, బ్రదర్ ఎడ్డీ టీవీ సీరియల్లో మారుమనస్సు పొందిన గూండా అని తేలింది. ఆ ప్రార్థన మనవి ఇచ్చింది ప్రేమానందం గారు. గురువారమైతే ఆయన టై కూడా విప్పకుండా, మోకాలి మీద రుమాలు పరచుకుని టీవీ ముందు కూర్చునేవారు. ఎడ్డీని అతని కూతురు గడప తొక్కనివ్వకపోతే, "మారాడమ్మా, తలుపు తియ్యి!" అని తెరను బతిమాలేవారు. ఒక గురువారం సరిగ్గా అప్పుడే ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. క్రిస్మస్ ఆరాధనలో "నువ్వు పాడకన్నయ్యా" అన్న పాపానికి అతనితో ఆరేళ్లుగా మాటల్లేవు. భార్య దేవకుమారి రిసీవర్‌ను చేత్తో మూసింది.

"రేపు డాలస్‌కి మూవ్ అయిపోతున్నాడటండీ, సారీ చెప్తానని ఏడుస్తున్నాడు. ముగ్గుర్ని చంపినవాణ్ణి క్షమించారు, సొంత తమ్ముణ్ణి క్షమించలేరా?"

ప్రేమానందం గారు తెర మీంచి చూపు తిప్పకుండా, తడిసిన రుమాలుతో ముక్కు తుడుచుకున్నారు.

"ఎడ్డీ నన్నెప్పుడైనా పాడొద్దన్నాడా?"