ఆఫీసరు కాళ్ళకి వరినారు

సంపూర్ణమ్మ గొంతు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. తణుకు అవతల మా ఊళ్ళో నాది కిరాణా కొట్టు. ఆవిడ ఊడ్పు కూలీ. ఆదివారం లూథరన్ చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆవిడే. చేలో ఆవిడ ఒక చరణం అందిస్తే, ఆడవాళ్ళంతా నారు నాటుతూ వెనక్కి జరుగుతూ వంత పాడతారు.

ఈ ఏడు మా వరిచేలు రొయ్యల చెరువులకి ఇవ్వాలని ఎవరో పైనుంచి నిర్ణయించారు. పక్క ఊళ్ళో చెరువులు తవ్వాక బావినీళ్ళు నోట పెట్టలేనంత ఉప్పగా మారాయి. మాకూ అదే గతి పడుతుందని అర్జీలు పెట్టాం. ఎవడు విన్నాడు? పైగా చేలు కొలిచే సర్వే రోజున నినాదాలిస్తే కేసులేనని పోలీసులు ముందే చెప్పిపోయారు.

"ఊడ్చుకుంటా పాడుకోడానికి పర్మిషనెందుకండీ?" అంది సంపూర్ణమ్మ.

"పాటలకి సర్వే ఆగుద్దా? నీ పిచ్చిగానీ!" అన్నాను. నా నోరంతే.

సర్వే ఆఫీసరు యుగంధర్ గారు గట్టెక్కారో లేదో, ఆడవాళ్ళు చుట్టుముట్టి ఆయన కాళ్ళకి వరినారు చుట్టేశారు. ఊడ్పుల్లో చేలోకొచ్చిన పెద్దమనిషిని అలా కట్టి, ఏదైనా ఇచ్చేదాకా వదలకపోవడం మావైపు పాత వేడుక. ఆయనకీ తెలిసినట్టే ఉంది, నవ్వుతూ జేబులోంచి నోటు తీశారు.

"డబ్బులొద్దండి బాబూ. కొలవనని పాటలో అనండి, చాలు," అంది సంపూర్ణమ్మ.

ఆయన నవ్వు ఆగిపోయింది. "నేను ఉద్యోగస్తుణ్ణమ్మా."

"మేం కూలోళ్ళమండి. మీరనేదాకా పాడతాం."

పాడారు. "కొలవొద్దు, కొలవొద్దు మా చేను బాబూ" అని ఆవిడ అందుకుంటే "ఉప్పునీరొద్దు మా బావికి బాబూ" అని చేనంతా పలికింది. కాసేపటికి రోడ్డు మీద బస్సు దిగినవాళ్ళూ వంత కలిపారు. కాపలాకొచ్చిన కానిస్టేబులు వెంకటదుర్గ పెదవులు కూడా కదిలాయి. అమ్మబాబోయ్, ఆకాశమే పాడుతున్నట్టుంది!

మధ్యాహ్నానికి సంపూర్ణమ్మ గొంతు పూడుకుపోయింది. నోరు తెరిచింది, మాట రాలేదు. వంత ఆగిపోయింది. ఆఫీసరు నారు విప్పుకోడానికి వంగారు. సర్వేవాళ్ళు చేలోకి కాలు పెట్టారు.

ఏం పూనిందో నాకు! చెప్పులతోనే బురదలోకి దిగి "కొలవొద్దు, కొలవొద్దు" అని ఎత్తుకున్నాను. నాది కాకి గొంతు. ఆ కాకి గొంతుకి చేనూ రోడ్డూ ఒక్కసారి బదులు పలికేసరికి నాకు గుండె ఆగినంత పనైంది. ఈ బలాన్ని ఆవిడ ఇన్నేళ్ళూ ఒక్కతే ఎలా మోసిందో!

ఆఫీసరు నారు విప్పకుండానే లేచి నిలబడ్డారు. నావంక చూశారు, ఆవిడవంక చూశారు.

"కొలవను, కొలవను మీ చేను తల్లీ."

శ్రుతీ లేదు, లయా లేదు. ఒక్కరూ నవ్వలేదు. సర్వేవాళ్ళు మూడుకాళ్ళ స్టాండు మడిచి జీపులో పెడుతుంటే ఊరంతా ఆయనకి వంత పాడింది. సంపూర్ణమ్మ కూడా పాడింది, గొంతు లేకుండా, చెంపల మీద కన్నీళ్ళు కారుతుంటే.