నా మందుకాలు, బాపు నడుము

ఆ రోజుల్లో నడుము పట్టేస్తే దవాఖానకు పోవాలన్న ఆలోచన మా ఊళ్లో ఎవరికీ వచ్చేది కాదు, నా దగ్గరికే వచ్చేవాళ్లు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. నేను ఎదురుకాళ్లతో పుట్టానట. అలా పుట్టినవాళ్లు కుడికాలితో మూడుసార్లు తంతే నడుము పట్టు వదులుతుందని అందరి నమ్మకం. అందుకని నర్సింహులపేట దగ్గరి మా పల్లెలో నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్లే లేరు, ‘మందుకాలు’ అనేవాళ్లు. పెద్ద పెద్ద మనుషులు నా ముందు బోర్లా పడుకుంటుంటే ఆ కాలిని నేనే భయభక్తులతో చూసుకునేదాన్ని (స్నానంలో దాన్ని రెండుసార్లు రుద్దేదాన్ని, ఎడమకాలికి ఆ మర్యాద లేదు).

అలాంటి కాలు మా బాపు దగ్గర మాత్రం పనిచేసేది కాదు. బాపు మా ఊరి దొరకు వెట్టి చేసేవాడు. కూలి లేకుండా గడీకి, అంటే కోటలాంటి దొర ఇంటికి, వడ్ల బస్తాలు మోయాలి, అధికారులు వస్తే వాళ్ల సామాన్లు పక్క ఊరిదాకా మోయాలి. సాయంత్రం వంగిన నడుముతో వచ్చి పడుకునేవాడు. నేను తన్నేదాన్ని. "జర నయమైంది బిడ్డా" అనేవాడు, తెల్లారి మళ్లీ వంగే పోయేవాడు. ఇట్లయితే బాపు ఇక మంచం దిగడేమోనని అవ్వ (అమ్మను మేం అలాగే పిలిచేవాళ్లం) ఏడుస్తుంటే, తప్పంతా నా కాలిదేనని నాకు దుఃఖం వచ్చేది.

ఒకనాడు దొరకే నడుము పట్టింది. నన్ను పిలిపించారు. ఊరంతా చెప్పులు చేతబట్టుకుని నడిచే ఆ గడీలో దొర చాపమీద బోర్లా పడుకుని ఉన్నాడు. బాపు నా చెవిలో, "మెల్లగ తాకియ్యి బిడ్డా, తన్నకు" అన్నాడు. తాకించాను. "గదేందే? గట్టిగ తన్ను!" అని దొర అరిచాడు. దొర హుకుం కాదనగలమా? మూడు తన్నాను. మూడోదానికి బాపు కళ్లు మూసుకున్నాడు. దొర లేచి, అటూ ఇటూ తిరిగి, "పోయింది!" అన్నాడు. ఇంత మహిమ ఉన్న కాలు బాపుకెందుకు పనిచేయదో నాకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం కూడా బాపు వంగే ఇంటికి నడిచాడు.

ఆ తర్వాత దొరల్ని ఎదిరించే సంఘం మా ఊరికీ వచ్చింది. "ఇగ వెట్టి లేదు" అని డప్పు చాటింపు వేశారు. దొర పట్నం వెళ్లిపోయాడు. నేను మాత్రం మొండిగా రోజూ తంతూనే ఉన్నాను. నెల తిరక్కముందే ఒక పొద్దున గుడిసెలోంచి బయటికి వస్తూ బాపు దర్వాజకు ఠపీమని తల కొట్టుకున్నాడు. ఎన్నేళ్లుగానో వంగి దాటిన దర్వాజ, తల తగులుతుందన్న సంగతే మరిచిపోయాడు. నుదురు రుద్దుకుంటూ వాకిట్లో నిటారుగా నిలబడ్డ బాపును నోరు తెరిచి చూశాను. అంత పొడుగు మనిషి మా ఇంట్లో ఉన్నాడని నాకు తెలియదు. "ఓ అవ్వా, బాపును సూడే, ఎంత పొడుగున్నడో!" అని కేకపెట్టాను. అవ్వ నవ్వుతూనే కొంగు కళ్లకు అద్దుకుంది. (ఆ ఘనతంతా నా కాలిదేనని వాడంతా చెప్పుకొచ్చాను. సంఘం వాళ్లు కూడా కాదనలేదు, పాపం.)

మొన్న నాకే నడుము పట్టి మానుకోట దవాఖానకు పోతే, మా మనవడి ఈడు డాక్టరు ఎక్స్‌రే చూసి, "బరువులు మొయ్యకుండ్రి అమ్మమ్మా, అదే తగ్గుతది" అన్నాడు.

"గంతేనా?"

"గంతే."

మంచం అంచున వేలాడుతున్న నా కుడికాలిని చూసి నాకు నవ్వొచ్చింది. ఎందుకని అడిగాడు.

"ఏం లేదు బిడ్డా, ఇన్నేండ్లకు గీ కాలు ఇజ్జత్ పోయింది" అన్నాను.