నీడ పట్టీలో జెరేనియం

గద్వాలలో మా మగ్గం గదికి ఉత్తరాన, గోడ పొడవునా మూరెడు వెడల్పు నేల ఉంది. అక్కడ ఎండ పడదు. రంగు వేసిన పట్టు నీడలోనే ఆరాలి కనుక ఆ జాగా ఎప్పుడూ దారాలదే. కిడ్నీలు చెడి అక్క మగ్గం వదిలి మంచం పట్టాక, ఆమె కిటికీకి ఎదురుగా కనిపించేదీ అదే.

డయాలసిస్‌కు ఇక రానని మొండికేసిన రోజు అంది: "ఎప్పుడు జూసినా గీ దారాలేనా తమ్మీ? గాడ ఒక పువ్వన్న పూయించు. అది చూసేదాంక దవాఖానకు వస్త."

నీడలో బతికి, ఏటా మళ్లీ నాటనక్కర్లేని మొక్క కోసం వెతికాను. చలి కొండల్లో పెరిగే జెరేనియం దొరికింది. ఆకులు ఎండినా వేరు బతికుంటుంది, అదను రాగానే చిగురిస్తుంది. మా ఎండలకు కష్టమని తెలిసే తెప్పించాను. అడుగున కంకర, పైన ఎర్రమట్టి, ఇసుక, ఆకుల ఎరువు. నీరు నిలవకుండా కాస్త వాలు.

"నువ్వు జదివిన పాలిటెక్నిక్ల గిదే నేర్పిండ్రా?" కిటికీలోంచి అక్క నవ్వింది.

"పట్టు ఆరేసే జాగ గుంజుకుంటివి," అని సణుగుతూనే అమ్మ దారాల కర్రలు వంటింట్లోకి మార్చింది.

చలికాలంలో ఒక మొగ్గ వచ్చింది. అక్క రానన్న ప్రతిసారీ దాని కబురు చెప్పి లేపేవాణ్ణి. ఎండలు ముదరకముందే ఆకులు వాలాయి, మొగ్గ విచ్చకుండానే నల్లబడింది.

"వేరుంటది గద. మళ్ల వస్తదంటివి," అంది అక్క.

మట్టి తవ్వి చూశాను. పుల్లటి వాసన. వేళ్లు పట్టుకుంటే చితికిపోయాయి.

"గంజి గిట్ల పోసినవా అమ్మా?"

"పడుగుకు పెట్టంగ మిగిలింది పోసిన. అన్నం గంజి మోరీల పోస్తమా? కరివేపాకుకు పొయ్యనా? దానికేమన్న అయ్యిందా?"

కరివేపాకు ఎండలో ఉంది, అక్కడ గంజి ఆరిపోతుంది. నీడలో అది పులిసి వేరును తింటుంది. చితికిన వేళ్లను మళ్లీ మట్టితో కప్పాను. "పువ్వు జల్ది పూయాలని చిక్కటిదే చూసి పోసిన," అంది అమ్మ.

అక్క అంతా వింది. "అమ్మను ఏమనకు. దారాలు మళ్ల గాడనే కట్టుండ్రి. వంటింటి పొగకు పట్టు ఖరాబైతది."

మరునాడు కర్రలు పాతాను. అమ్మ ఎర్ర పట్టు ఆరేసింది. దవాఖానకు పోయే రోజు ఆటో గుమ్మం ముందు ఆగి హారన్ కొట్టింది. అక్క కిటికీకి వీపు పెట్టి పడుకునే ఉంది.

"వాపసు పంపు తమ్మీ," అంది.