దిగమని తట్టిన చెయ్యి

మా పక్కింటి చాచా పోయారు. పోయిన శుక్రవారం తెల్లవారి నమాజు వేళకు ఆసుపత్రి నుంచి వాళ్ళ అల్లుడు ఫోన్ చేశాడు. ఒక్క మాట చెప్పి పెట్టేశాడు. నేను లేచి కూర్చున్నాను గానీ ఏడుపు రాలేదు. అలసిపోయినవాడికి దుఃఖం కూడా ఆలస్యంగానే అందుతుందేమో. మంచం మీదున్న నా భార్యకు సంగతి చెబితే, "ఈ తూరి గూడా చూడకనే పాయ," అంది.

ఆమె అన్నది టొరంటో జట్టు గురించి. కడపలో ఒక చావు కబురు విని ఆ మాట ఎందుకొచ్చిందో తెలియాలంటే చాచా సంగతి చెప్పాలి.

కువైట్ పోయి వచ్చినవాళ్ళు మా వీధిలో ఇంటికొకరు ఉన్నారు. డ్రైవర్లు, వంటవాళ్ళు, మేస్త్రీలు. మంచు చూసుకోవడానికి పోయినవాడు చాచా ఒక్కరే. అక్కడ పెద్ద బజారు లోపల మంచు పరిచిన ఆటస్థలం ఉందట. అడుగున కత్తి బిగించిన బూట్లేసుకుని, దాని మీద జారుతూ హాకీ ఆడతారు. ఆట ఆటకూ గీతలు పడిన మంచును నున్నగా చేసే బండి నడపడం చాచా పని. సగం వయసు ఆ చలిలోనే గడిపి, మోకాళ్ళ నొప్పులు తెచ్చుకుని వచ్చారు. మే నెలలో మేమంతా తలుపులు బిగించుకుని లోపల ఉడుకుతుంటే ఆయన అరుగు మీద ఎండలో కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. లోపలికి రమ్మంటే, "అన్నేండ్ల సలి ఇంకా దిగలేదప్పా," అనేవారు. షర్బత్‌లో ఐసు వేస్తే వద్దనేవారు. "ఐసు నాకు ఆఫీసు. ఇంటికి తెచ్చుకుంటామా?"

సాయంత్రం ఇంటి ముందు నీళ్ళు చల్లడంలోనూ ఆ బండి నడిపిన అలవాటు పోలేదు. గిన్నెలు కడిగిన నీళ్ళే అయినా అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి చుట్లు చుట్లుగా చల్లేవారు, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు కాస్త ఎక్కేట్టు. చాచీ నవ్వుకునేది.

అక్కడ పిల్లలకు ఆట నేర్పే కోచ్ కెనడావాడు, టొరంటో మనిషి. పని లేని వేళల్లో చాచాను పక్కన కూర్చోబెట్టుకుని తన దేశపు పాత జట్ల కథలన్నీ చెప్పాడట. చాచా వాటిని మాకు చెప్పారు. వరసగా అయిదేళ్ళు కప్పెత్తిన మాంట్రియల్ జట్టు, గోల్స్ వాన కురిపించిన ఎడ్మంటన్ కుర్రాళ్ళు, ఊరు వదిలిపోయి మళ్ళీ ఏళ్ళకు తిరిగొచ్చిన విన్నిపెగ్ జట్టు, ఇవన్నీ ఆయన నోట్లో మన పక్క ఊళ్ళ పెద్ద కుటుంబాల సంగతుల్లాగా ఉండేవి. ఆయన పక్షం మాత్రం టొరంటో. అది చివరిసారి కప్పు గెలిచినప్పుడు చాచా ఇంకా పలక పట్టలేదు. గెలిచే జట్టు వైపు ఉండొచ్చు కదా అంటే, కోచ్ ఉప్పు తిన్నాను అనేవారు.

రెండేళ్ళ కిందట నా భార్యకు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట ముద్దయింది. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. సెలవులు పెట్టాను, సెలవులు అయిపోయాక జీతం లేని సెలవులు పెట్టాను. పక్కకు తిప్పడం, తుడవడం, జావ తాగించడం అన్నీ నేనే. మా చెల్లెలు వస్తానంటే వద్దన్నాను. నా చేతుల్లో తప్ప ఆమె ఇంకెవరి చేతుల్లోనూ క్షేమంగా ఉండదనిపించేది. బియ్యం కడుగుతూ నిలబడే నిద్రపోయిన రోజులున్నాయి.

అప్పటి నుంచే చాచా నన్ను "ఏమప్పా ఒట్టావా" అని పిలవడం మొదలుపెట్టారు. ఒకరోజు విసుగొచ్చి అదేమిటని అడిగాను.

"మునుపు ఒట్టావాలో ఒక జట్టు ఉండె. కప్పుల మీద కప్పులు. ఆ కాలంలో మంచు మీదికి ఎక్కినోడు దిగేది లేదు, మొదలు నుంచి కడదాంకా వాళ్ళే ఆడాల. మొనగాళ్ళేలే. ఆ కాలం పాయ. ఇప్పుడు ఎంత మొనగాడైనా నిమిషం లోపల దిగాల్సిందే. కోచ్ ఈపు మీద తడతాడు, ఇంగొకడు ఎక్కుతాడు. ఆట మాత్రం నిలబడదు. నువ్వు శానా దినాలుగా దిగలేదప్పా."

ఆటలో దిగినవాడి బదులు ఎక్కడానికి బెంచీ మీద మనుషులుంటారు, ఇంట్లో ఎవరున్నారని కసిరాను. ఆయన వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున బెంచీని వెంటబెట్టుకుని వచ్చారు. చాచీ, ఎదురింటి పాస్టరమ్మ. పాస్టరమ్మ ఒకప్పుడు ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. పొద్దున చాచీ, మధ్యాహ్నం పాస్టరమ్మ, సాయంత్రం కాసేపు చాచా. మిగిలిందంతా నాది. మీకు తెలియదు, ఎడమ వైపుకు ఇలా తిప్పాలి అని నేనేదో చెప్పబోతే చాచా వెనక నుంచి నా భుజం మీద రెండు వేళ్ళతో రెండుసార్లు తట్టారు. "దిగు."

ఆ పూట స్కూలుకు పోయి, స్టాఫ్ రూంలో కూర్చుని ఏడ్చాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

ఆ తర్వాత రోజూ అదే. రెండు తట్లు, వాదన లేదు. టొరంటో రాత్రి ఆటలు మనకు పొద్దున్నే వస్తాయి కాబట్టి చాచా ఫోన్‌లో చూసి వచ్చేవారు. నా భార్య ముద్దమాటతోనే గెలిచినారా అని అడిగేది. లేదమ్మా, వచ్చే ఏడు అనేవారు. మా ఇంట్లో వానాధారం శనక్కాయ పంట గురించి నాన్న కాలం నుంచీ వినే మాటే అది. ఆమెకు నవ్వొచ్చేది. పడిపోయాక ఆమె మొదటిసారి నవ్వింది టొరంటో ఓటమికే.

నిరుడు ఒకరోజు మంచం పట్టె పట్టుకుని తనంతట తాను నిలబడింది. వీధంతా వచ్చి చూసింది. నేను మాత్రం సంతోషించే ఓపిక లేక గోడకు ఆనుకుని కూలబడ్డాను. సిగ్గేసింది. చాచా పక్కన కూర్చుని ఎడ్మంటన్ కుర్రాళ్ళ సంగతి చెప్పారు. వాళ్ళు మొదటిసారి ఫైనల్లో ఓడి, గెలిచినవాళ్ళ గది ముందు నుంచి పోతూ లోపలికి తొంగి చూశారట. పండగ చేసుకుంటుంటారనుకుంటే, అందరూ కట్లు కట్టుకుని, దెబ్బల మీద ఐసు పెట్టుకుని, మాట లేకుండా కూర్చుని ఉన్నారట.

"గెలిచినోళ్ళు అట్లనే ఉంటారప్పా," అన్నారు.

ఈ ఏడు ఆయన మూత్రపిండాలు చెడ్డాయి. ఆసుపత్రిలో ఇప్పుడు మేము వంతులు వేసుకున్నాం. గురువారం మధ్యాహ్నం నా వంతు అయిపోయింది. ఇంకాసేపు ఉంటానని కుర్చీ దగ్గరకు లాక్కున్నాను. ఆయనకు మాట్లాడే ఓపిక లేదు. నా మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి, మెల్లగా రెండుసార్లు తట్టారు. లేచి వచ్చేశాను. లేవకుండా ఉంటే బాగుండేదని ఆ రాత్రే అనిపించింది. ఇప్పుడు, ఆయన మాట విన్నాను కదా అని సరిపెట్టుకుంటున్నాను.

శుక్రవారం నమాజు అయ్యాక జనాజా లేచింది. నేను గడపలో నిలబడి వెనక్కి చూస్తుంటే నా భార్య ఒక్కో మాట కూడబలుక్కుంటూ, "పోయి మొయ్యి. పాస్టరమ్మ ఉండాది నాకాడ," అంది.

మసీదు మలుపులో జనాజా మోసే కర్ర నా భుజం మీదికి వచ్చింది. బరువేమీ లేదు. నాలుగడుగులు వేసి ఇవ్వాలి, వెనక మనుషులు కాచుకుని ఉన్నారు. తెలుసు. అయినా వదల్లేకపోయాను. కర్రను రెండు చేతులా పట్టుకుని తల వంచుకుని నడుస్తూనే ఉన్నాను. అప్పుడు వెనక నుంచి ఎవరో నా భుజం మీద రెండుసార్లు తట్టారు. ముఖం చూడలేదు. ఎవరో తెలియదు.

నేను పక్కకు దిగాను. దిగాక వచ్చింది ఏడుపు. జనాజా ఆగలేదు, వేగం కూడా తగ్గలేదు. కింద భుజాలు మారుతూనే ఉన్నాయి, పైన చాచా నున్నటి మంచు మీద పోతున్నట్టు వీధి చివర మలుపు తిరిగారు.