ఇది చక్రం కాదు మావయ్యా

మా మావయ్య తుంటి విరగ్గొట్టుకున్నది ఘనకార్యమేదో చేస్తూ కాదు. బాగ్‌బేరా రైల్వే కాలనీలో మా క్వార్టరు వెనక కుళాయి దగ్గర పాచి మీద జారి. చేతిలో నిండు బకెట్టు ఉంది. దాన్ని వదిలేసి గోడ పట్టుకుని ఉంటే సరిపోయేది. నీళ్లు ఒలికిపోతాయని బకెట్టునే పట్టుకున్నారు. ఆ బకెట్టు దగ్గర మొదలైన నా విసుగు ఆ ఏడాదంతా తగ్గలేదు.

డెబ్బైల చివరి రోజులవి. మావయ్య అప్పటికే రిటైరయ్యారు. ఉద్యోగమంతా రైలు చక్రాల దగ్గరే గడిచింది. ఇరుసుని చక్రంలోకి ప్రెస్సు మీద నొక్కి బిగించే పనిలో ఫిట్టరు. మా ఆయన గార్డు, ఇంట్లో ఉండేది తక్కువ. అత్తయ్య లేరు. కాబట్టి ఆసుపత్రిలో డాక్టరు చెప్పింది వినడం, మావయ్యతో అది చేయించడం నా వంతైంది.

డాక్టరు బెంగాలీ ఆయన, నెమ్మదస్తుడు. ఆపరేషనుకి ముందు ఆ వస్తువుని తెచ్చి మాకు చూపించారు. జానెడు ఉక్కు కడ్డీ, దాని తలమీద నున్నటి గుండు. కడ్డీకి కిటికీల్లా రెండు కన్నాలు. విరిగిన ఎముక తల తీసేసి, తొడ ఎముక లోపల దారి చేసి, దాంట్లో కడ్డీ దించుతామని, గుండు తుంటి గిన్నెలో తిరుగుతుందని చెప్పారు.

ఇక చూడండి. సాక్చి నుంచి, బిష్టుపూర్ నుంచి పరామర్శకి వచ్చిన మగవాళ్లంతా మా ఊరి ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లే. మంచం చుట్టూ చేరి, అది ఏ స్టీలు, తుప్పు పడుతుందా, మన ఊరిదేనా, బయటనుంచి వచ్చిందా అని ఒకటే వాదన. ఆ కన్నాలు బరువు తగ్గించడానికని ఒకాయన, పిన్ను కొట్టడానికని ఇంకొకాయన. ఎముక సంగతి ఒక్కరూ అడగలేదు. ఉక్కు గట్టిదైతే చాలని వాళ్ల లెక్క.

ఆపరేషను అయ్యాక డాక్టరు మాకు చెప్పినదంతా ఎముక గురించే. కడ్డీతో తనకి బెంగ లేదన్నారు. ఎముక లోపలి దారిని ఆకురాయిలాంటి పనిముట్టుతో కడ్డీ ఆకారానికి సరిపడా చెక్కారట. కాస్త ఎక్కువ చెక్కితే కడ్డీ వదులైపోతుంది, అడుగేస్తే తొడలో పోటు. తక్కువ చెక్కి సుత్తితో దించితే ఎముక చీలుతుంది. ముసలి ఎముక లోపల మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ మెత్తదనాన్ని గీకి పారేయకుండా అణిచి ఉంచారట. తీసేసిన తలలోని ఎముక ముక్కల్నే ఆ కన్నాల్లో కూరారు. అందులోంచి కొత్త ఎముక పెరిగి కడ్డీని పట్టుకోవాలి. పట్టుకునేదాకా కాలి మీద బరువు వేయకూడదు, కింద కూర్చోకూడదు, మఠం అసలే వేయకూడదు. మెలి పడితే కడ్డీ కదులుతుంది, కదిలితే మళ్లీ కోయాలి, ఈ వయసులో రెండోసారి కోస్తే నడుస్తారన్న హామీ తను ఇవ్వలేనన్నారు.

మావయ్య ఆకురాయి అన్న మాట వరకే విన్నారు. ఇంటికొచ్చిన మర్నాడే నన్ను నిలదీశారు.

"రాడ్డు టైటుగా దిగిందా, నేదా?"

"దిగింది మావయ్యా."

"సుత్తెట్టి కొట్టినాడా, నేదా?"

"కొట్టారంట."

"మరింకేటి? ప్రెస్సు దిగిన చక్రాన్ని మేం మంచమెక్కించి పడుకోబెట్టీవోళ్లమా? అదే రోజు బండి కింద ఎట్టి తోలేసీవోళ్లం."

"ఇది చక్రం కాదు మావయ్యా. చక్రానికి ప్రాణం నేదు. మీ ఎముకకుంది, అది పెరగాల."

"పురాణం సదివీ కోడల్ని తెచ్చుకున్నాను గాని, ఫోర్‌మేన్ని తెచ్చుకోనేదు," అన్నారు.

ఈ మాట దాదాపు రోజూ అన్నారు. నేను వంటింట్లోకి వెళ్లగానే చంకకర్రల చప్పుడు. పరిగెత్తుకొస్తే, "ఊరికే సూత్తన్నాను" అనేవారు. ఏం చూస్తున్నారో నాకు ఇప్పటికీ తెలీదు.

అసలు గొడవ ఏకాహం, అంటే ఏటా రోజంతా ఆపకుండా చేసే భజన, దగ్గరపడ్డాక వచ్చింది. కాలనీలో మా భజన మందిరం రేకుల షెడ్డు. పట్టాభిషేకం పటం ఒక పొట్టి పీట మీద, ఎదురుగా చాపలు. ఏటా తొలి కీర్తన మావయ్యదే. స్వామి ముందర ఎవరూ కుర్చీ వేసుకోకూడదన్నది అక్కడి కట్టుబాటు. భజనకి పెద్దగా ఉండే రిటైరైన డ్రైవరు, మావయ్యకి బావ వరస, ఒక సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చున్నారు.

"ఏటి బావా, వత్తన్నావా నేదా?"

"వత్తాను. ఈ పిల్ల కుర్చీలో కూకోమంటంది."

"కుర్చీయా! సాహెబులొచ్చినా సాప మీదే కూకున్నారు. అరే, ఒక్క కీర్తన గదా. మఠం ఏసుకుని కూకో. స్వామి సూసుకుంటాడు."

ఆ మాటతో నా ఓపిక పోయింది. నేను భజనగోష్ఠిలో పుట్టి పెరిగినదాన్ని. పురాణం మీద వేలు పెట్టే అక్షరాలు నేర్చుకున్నాను. స్వామి చూసుకుంటాడన్నది నాకు ఊతపదం కాదు, ప్రాణం. మనం చేసే తెలివితక్కువ పనులకి ఆయన్ని కాపలా పెట్టడం చూస్తే ఒళ్లు మండుతుంది.

"స్వామి సూత్తానే ఉన్నాడు బాబాయ్," అన్నాను. "డాక్టరు దారి సెక్కి, కడ్డీ దించి, సేతులు కడుక్కున్నాడు. ఆ కన్నాల్లో ఎముకని పెంచుతన్నది ఎవరు? మీరా? ప్రెస్సా? ఆయనే కూకుని పని సేత్తంటే మధ్యలో మనం మెలి తిప్పడవేటి? అది భక్తేనా?"

బాబాయ్ మావయ్య వైపు తిరిగారు.

"ఓలమ్మా, పురాణం మన మీదికే తిప్పేసిందిరా," అన్నారు బాబాయ్. తల గోక్కున్నారు. "కుర్చీ అంటే నాకు పగేటి గాని, స్వామి కంటే ఎత్తుల కూకోడం తప్పు గదా."

"ఐతే స్వామిని ఎత్తండి."

మావయ్య నవ్వారు. బాబాయ్ నవ్వలేదు, లేచి వెళ్లిపోయారు. మర్నాడు మందిరంలో చూస్తే పీట కింద గార్డుల లైను పెట్టెలు రెండు, ఒకదాని మీద ఒకటి, పసుపు రాసి బొట్టు పెట్టి ఉన్నాయి. జెండాలు, దీపం పెట్టుకుని గార్డులు బండెక్కించే ఆ ఇనప పెట్టెలు పాతవి ఎక్కడో సంపాదించారు. స్వామి తల దాదాపు రేకులకి తగులుతోంది.

ఏకాహం నాడు మావయ్య కుర్చీలో కూర్చుని పాడారు. గొంతు ఎత్తిన కొద్దీ, అలవాటు చొప్పున, కాలు మెల్లగా పైకి మడత పడబోయేది. "మావయ్యా, కాలు" అని నేను. మళ్లీ కీర్తన. మళ్లీ "మావయ్యా, కాలు". పక్కవాళ్లు అదీ పల్లవే అనుకుని అందుకుంటారేమోనని భయపడ్డాను. నేను ఆ రోజు స్వామి ముఖం ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు.

తర్వాత పరీక్షకి వెళ్తే డాక్టరు కాలు ఎత్తారు, పక్కకి తిప్పారు, మడమ మీద గుప్పిటతో తట్టారు. మావయ్య ముఖంలో నొప్పి కోసం నేను వెతుకుతున్నాను. లేదు. ఎక్స్‌రే వెలుతురుకి పెట్టి, తెల్లటి కడ్డీ కన్నాల్లో మబ్బుగా నిండినదాన్ని వేలితో చూపించి, ఎముక పట్టుకుందన్నారు. చేతికర్రతో బరువేసి నడవొచ్చన్నారు. నేను అక్కడే చేతులు జోడించాను.

"ఐతే ఇంక కింద కూకోవచ్చా?" అని మావయ్య. నేను అదే హిందీలో డాక్టర్ని అడిగాను.

"కభీ నహీఁ," అన్నారు డాక్టరు.

"ఏటంటన్నాడు?" అన్నారు మావయ్య, ఉద్యోగమంతా హిందీలోనే చేసిన మనిషి.

"ఎప్పటికీ వద్దంటన్నారు."

"నీకు హిందీ సరిగ్గా రాదు. మళ్లీ అడుగు."