మేడ మీది పెద్దకోడలు

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఇస్త్రీ విభాగానికి పెద్దదిక్కుగా నేను నిలబడినంత కాలం ఇంకెవరూ నిలబడలేదు. నేను చదివింది ఊరిబడిలో అయిదో తరగతి. అయితేనేం, ఆ బడిలో పద్యాలు అప్పజెప్పి పలక బహుమతిగా తెచ్చుకున్నది నేనే. ఈ లాండ్రీలో ఆడవాళ్లు కూర్చోవడానికి బల్లలు వేయించింది నేనే. ఆవిరి గొట్టం పగిలిన రోజు అందరూ తలో దిక్కూ పరుగెడుతుంటే వాల్వు కట్టేసింది కూడా నేనే. నా చేతి కింద పని నేర్చుకున్న పిల్లలు ఊరూరా ఉన్నారు. ఇది ముందే చెప్పడానికి కారణముంది. తర్వాత పనికొస్తుంది.

నా చేతి కిందివాళ్లలో కాగితం మీద పెట్టదగిన మనిషి కథలక్క.

దుప్పటి మడత ఇద్దరి పని. చెరో కొసా పట్టుకుని దూరంగా నిలబడి లాగాలి, విదిలించాలి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచులు కలపాలి. కలిసినప్పుడు రెండు మొహాల మధ్య జానెడు దూరం. మళ్లీ విడిపోవాలి, మళ్లీ కలవాలి. ఈ రాకపోకల మధ్యే కథలక్క మధ్యాహ్నం సీరియల్ చెప్పేది. అది వచ్చే వేళకు మేమంతా పనిలో ఉంటాం. రాత్రి మళ్లీ వేస్తారు గానీ అప్పుడు ఎవరి వంటిల్లు వాళ్లది. కథలక్క ఇంట్లో మంచాన పడ్డ అత్తగారు ఉంది. ఆవిడకు ముద్ద ముద్దకీ టీవీ కావాలి. అలా అత్తకు అన్నం తినిపిస్తూ చూసినదే మర్నాడు మాకు వడ్డించేది.

ఎలా చెప్పేదనుకున్నారు! దుప్పటి లాగినప్పుడు గొంతు లేచేది, విదిలించినప్పుడు తలుపు ధడాలుమనేది, అంచులు కలిపేటప్పుడు గొంతు దిగి గుసగుస అయ్యేది. ఇస్త్రీ రోలరు దగ్గర నిలబడే రోలరు వదిన చెవి ఇటు పారేసి చెయ్యి కాల్చుకున్న రోజులున్నాయి.

సీరియల్లో మాకు కావలసింది పెద్దకోడలు. అత్తింటివాళ్ల మోసం పసిగట్టిన మనిషి. బయటపెడుతుందని భయపడి మొగుడు ఆమెను మేడ మీది గదిలో పెట్టి తాళం వేశాడు. రేపు తలుపు తీస్తారా, ఎల్లుండి తీస్తారా అని మేం ఊపిరి బిగబట్టి కూర్చుంటే, ఒకరోజు ఆ ఇంటికి చిన్నకోడలు దిగింది. అంతే. కథంతా ఆ పిల్ల వెంట పడింది. ఆ పిల్ల స్కూటరు, ఆ పిల్ల అలకలు, ఆ పిల్ల పాటలు. మేడ మీది మనిషికి అన్నం పెట్టారో లేదో చూపించే దిక్కు లేదు.

"పైన మనిషి బతికుందో చచ్చిందో తెలీదు, కింద డాన్సులా?" అంది రోలరు వదిన. "ఆ కథ రాసేవాణ్ణి నా రోలరులో పెడితే బుద్ధి తిన్నగా వస్తుంది."

"అక్కా, నీ చిన్నకోడలు మాకొద్దు. నోరు మూసుకుని మడత పెట్టు" అన్నారు మిగతావాళ్లు. కొందరు టీవీ వాళ్లకు ఫోన్లు కూడా చేశారు. పెద్దకోడల్ని తెమ్మని ఒకటే పోరు.

ఉప్పు తక్కువైందంటే వంటమనిషికి ఎలా ఉంటుందో కథలక్కకు అలా అయింది. రెండు రోజులు నిజంగానే నోరు మూసుకుంది. మూడో రోజు దుప్పటి విదిలిస్తూ, "నిన్న పెద్దకోడల్ని చూపించారు" అంది. హాలంతా ఇటు తిరిగింది.

ఆ వారం ఒకరోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండి నేను సీరియల్ చూశాను. పెద్దకోడలు లేదు. నీడ కూడా లేదు. మర్నాడు కథలక్కను పక్కకు పిలిచాను.

"ఏమే, ఇదంతా నీ వంటేనా?"

"పని సాగుతోందా లేదా పెద్దమ్మా?"

సాగుతోంది. ఆ నెల మా దగ్గర్నుంచి ఒక్క మూట ఆలస్యంగా వెళ్లలేదని పైవాళ్లు నన్ను పిలిచి మెచ్చుకున్నారు. ఊరుకున్నాను.

అప్పట్లో దిండు గలేబులు మడిచే ఒక చిన్నది ఉండేది. దిండ్లమ్మాయి అనేవాళ్లం. మాట తక్కువ. దుప్పట్ల దగ్గర మనిషి చాలక ఆమెను కథలక్కకు ఎదురుగా నిలబెట్టాను. పొద్దున మొగుడు బండి మీద దింపేవాడు, సాయంత్రం గేటు దగ్గర కాచుకుని ఉండేవాడు. నెత్తిమీది హెల్మెట్టు అతను తీయగా ఎవరూ చూడలేదు. అందుకే అతని పేరు హెల్మెట్టు. "తలకాయతో పాటే పుట్టిందేమో" అని రోలరు వదిన నవ్వేది. అతనిది రాత్రి డ్యూటీ. పొద్దున నిద్ర, మధ్యాహ్నం నుంచి ఇంట్లోనే.

ఒకరోజు అంచులు కలిపేటప్పుడు దిండ్లమ్మాయి అడిగింది.

"అక్కా, ఆ గదికి కిటికీ ఉందా?"

"ఉంది. ఎందుకే?"

మళ్లీ విడిపోయారు, మళ్లీ కలిశారు.

"మా ఇంటికి లేదు."

నాలుగైదు దుప్పట్లు మడిచేసరికి కథలక్కకు సంగతి తెలిసింది. రాత్రి డ్యూటీకి వెళ్తూ హెల్మెట్టు బయట తాళం పెట్టుకుని పోతాడు. టీవీ రిమోటు జేబులో వేసుకుంటాడు. ఫోను సరేసరి. వేరే ఊళ్లో సొంత అక్క ఉంది, ఆమెతో మాట్లాడి ఏడాది దాటింది. ఒకసారి మాట్లాడాలని చూస్తే ఏం చేశాడో చెప్పలేదు. మెడ దగ్గర చెయ్యి పెట్టుకుని, మళ్లీ దుప్పటి పట్టుకుంది.

ఆ రోజు నుంచి కథ ఆ ఒక్క మనిషి కోసమే నడిచింది. మేడ మీది పెద్దకోడలు భయం దిగమింగింది. కిటికీ ఊచలు పట్టుకుని చూసింది. వేరే ఊళ్లో ఉన్న అక్కను తలుచుకుంది. వెళ్తే ఎలా వెళ్లాలా అని ఆలోచన మొదలుపెట్టింది. దిండ్లమ్మాయి వీపు కాస్త నిటారైంది. అది మేమందరం చూశాం.

మాకు తెలియనిది ఒకటుంది. ఇంటికెళ్లాక హెల్మెట్టు ఆమెను కూర్చోబెట్టి, పనిలో ఎవరు ఏం మాట్లాడారో పొల్లు పోకుండా చెప్పించుకునేవాడు. ఆ పిల్ల ఏం చెప్పాలి? సీరియల్ కథే కదా, ఎవరికి చేటు అనుకుని అది అప్పజెప్పేది. మధ్యాహ్నం అతను ఇంట్లో కూర్చుని అదే సీరియల్ చూస్తున్నాడని ఆమెకూ తెలియదు, మాకూ తెలియదు.

ఒక సాయంత్రం గేటు దగ్గర హెల్మెట్టు హెల్మెట్టు తీశాడు. నున్నగా గీసిన గడ్డం, మర్యాదైన మొహం.

"మీరేనా కథలక్క?"

"అవును తమ్ముడూ."

"మా ఇంట్లో రోజూ మీ మాటే. పెద్దకోడలు కిటికీ ఊచలు చూసుకుంటోందట కదా."

కథలక్క చేతిసంచి ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"నేను ఒక్కరోజు మానకుండా చూస్తానక్కా. నాకెక్కడా కనపడలేదే."

నవ్వాడు. హెల్మెట్టు పెట్టుకున్నాడు. దిండ్లమ్మాయి వెనక ఎక్కింది. బండి వెళ్లిపోయింది. ఇదంతా నేను పక్కనే ఉండి విన్నాను.

మర్నాడు దిండ్లమ్మాయి వేలికి గుడ్డ చుట్టుకుని వచ్చింది. తలుపు సందులో పడిందట. కథలక్క ఆ రోజు కథ చెప్పలేదు. తలనొప్పి అంది. ఆ మర్నాడూ తలనొప్పే. దిండ్లమ్మాయి మాత్రం అంచులు కలిపిన ప్రతిసారీ ఆమె మొహంలోకి చూసేది. కథ ఆగిందంటే తన తలుపు మూసుకున్నట్టే ఉంది ఆ పిల్లకు.

తర్వాతి మంగళవారం పొద్దున హెల్మెట్టు భార్యను దింపి, ఆమె లోపలికి వెళ్లేదాకా ఆగి, కథలక్కను పిలిచాడు.

"నిన్నటిది చూశారా? పెద్దకోడలి ఫోటో గోడకెక్కించేశారు. గదిలోనే పోయిందట పాపం."

"చూశాను."

"ఇవాళ మా ఆవిడకు అది చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. సాయంత్రం ఆమె నోట వింటాను."

కథలక్క లోపలికొచ్చి నీళ్లు తాగి నా దగ్గర నిలబడింది. "ఏం చేస్తావే?" అన్నాను. "చెప్తాను పెద్దమ్మా, చెప్పమన్నాడుగా" అంది. ఆ గొంతు నేనెప్పుడూ విననిది.

మొదటి దుప్పటి లాగుతూ గట్టిగా చెప్పింది. గోడ, మేకు, ఫోటో, కింద నిలబడి చిన్నకోడలు కళ్లొత్తుకోవడం, అన్నీ చెప్పింది. రోలరు వదిన రోలరు ఆపేసింది.

"చంపేశారా? ఇన్నాళ్లు ఊరించి, మేడ దింపకుండానే చంపేశారా?"

దిండ్లమ్మాయి చేతిలోంచి దుప్పటి జారింది. కథలక్క జారిన కొస తీసి మళ్లీ ఆమె చేతిలో పెట్టింది. "పట్టుకో. ఇంకా ఉంది." ఈసారి అంచులు కలిసినప్పుడు మాత్రమే మాట్లాడింది. రోలరు ఆగి ఉండబట్టి పక్క బల్ల దగ్గర నిలబడ్డ నాకు వినబడింది.

"ఫోటో చూపించారు. మనిషిని చూపించారా?"

విడిపోయారు, కలిశారు.

"లేదు. వెళ్లిపోయిందని చెప్పుకోలేక, చచ్చిపోయిందని చెప్పారు."

విడిపోయారు, కలిశారు.

"ఇంట్లోంచి ఎలా పోతుంది, ఇంటికి తాళం. పనిలోంచి పోయింది. పనికి తాళం లేదు."

దిండ్లమ్మాయి అంచు వదలకుండా అలాగే నిలబడింది. "ఎప్పుడు పోయింది అక్కా?" అంది.

"ఇవాళే."

ఇక్కడ నా పని మొదలైంది. ఊరికి ఆ చివర ఇంకో ఆసుపత్రి ఉంది. మధ్యాహ్నం మా వ్యాను మూటలు పట్టుకుని వెనక గేటు గుండా అక్కడికి వెళ్తుంది. మూటలు అప్పగించడానికి ఒక మనిషి తోడు వెళ్లాలి. ఎవరు వెళ్లాలో చెప్పేది నేను. నేను చెప్పాక మారిందన్నది నా ఉద్యోగంలో లేదు. దిండ్లమ్మాయిని ఎక్కించాను.

వ్యాను బాబాయి వెనక్కి తిరిగి చూశాడు. "రోజూ రోలరు వదిన ఎక్కేది, స్ప్రింగులు మూలిగేవి. ఇవాళ బండి గాల్లో పోతుందే పెద్దమ్మా."

"మూటలు దించాక ఈ పిల్లను బస్టాండులో దించు. బస్సు కదిలేదాకా ఉండు. తర్వాత అన్నీ మర్చిపో."

బాబాయి నవ్వు ఆపేసి, "మర్చిపోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య" అని బండి తీశాడు.

సాయంత్రం అందరం బయటికొచ్చాం. హెల్మెట్టు ఒక్కొక్క మొహమే చూశాడు. చివరి మనిషి దాటాక వాచ్‌మన్ గేటు మూశాడు. అప్పుడు కథలక్క దగ్గరకొచ్చాడు.

"చెప్పారా అక్కా?"

"చెప్పాను. ఉన్నది ఉన్నట్టు."

అరవలేదు, తిట్టలేదు. అదే మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది. మూసిన గేటును కాసేపు చూసి వెళ్లిపోయాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ అక్కడే ఉన్నాడు. ఆ మర్నాడూ ఉన్నాడు. భార్య లేదని తెలిసీ, తీసుకెళ్లడానికి వచ్చినట్టే వచ్చి నిలబడేవాడు. పోలీసు స్టేషన్‌కు వెళ్లి నేనే మాట్లాడాను. రోడ్డు మీద నిలబడితే నేరమేంటమ్మా అన్నారు. కథలక్కను ఇంటిదాకా దింపడానికి మేం వంతులు వేసుకున్నాం. తలుపుకు ఇంకో గడియ వేయించుకుంది. "దొంగ నన్నెత్తుకుపోతాడనా?" అని అత్తగారు ఎకసెక్కమాడేది.

దిండ్లమ్మాయి అక్క దగ్గరికి క్షేమంగా చేరింది. ఆ అక్కతో సంబంధం ఎప్పుడో తెగ్గొట్టానన్న ధీమాతో హెల్మెట్టు అటు వెతకలేదు. వారానికోసారి నా ఫోనుకు ఆమె గొంతు వచ్చేది. కథలక్క చెవి ఆనించి వినేది, మాట్లాడేది కాదు.

వానలు తగ్గే రోజుల్లో ఒకనాడు మా హాల్లో పండగయింది. సీరియల్లో పెద్దకోడలు బతికే ఉందట! చూసేవాళ్ల పోరు పడలేక మళ్లీ తెచ్చారు. ఎవరో కొత్తమ్మాయి ఆ వేషం వేసింది. "మనం ఫోన్లు చేసినందుకు ఫలితం దక్కింది" అని రోలరు వదిన అందరికీ టీ పోయించింది. ఇన్నాళ్లు ఎక్కడుందట అని ఎవరో అడిగారు.

కథలక్క టీ గ్లాసు బల్ల మీద పెట్టి దుప్పటి అందుకుంది. ముందురోజు రాత్రి అత్త నోట్లో ముద్ద పెడుతూ ఆ సీను చూసి, ముద్ద పళ్లెంలో పడేసి, నా ఇంటికి పరుగెత్తుకొచ్చిన మనిషి ఆమె. సీరియల్లో పెద్దకోడలు ఇన్నాళ్లూ వాళ్ల అక్క ఇంట్లో ఉందట. మొగుడు వెళ్లి పట్టుకున్నాడట.

"తెల్లారేలోగా ఆ పిల్ల అక్కడ ఉండకూడదు పెద్దమ్మా. మధ్యాహ్నమే చూసుంటాడు."

నా చేతి కింద పని నేర్చుకున్న పిల్లలు ఊరూరా ఉన్నారని ముందే చెప్పాను. ఒక్క ఫోనుతో దిండ్లమ్మాయి ఇంకో ఊరికి, ఇంకో లాండ్రీకి చేరింది. నా మాట మీద ఆమెను ఏమీ అడక్కుండా పనిలోకి తీసుకున్నారు. అక్క, బావ కూడా ఇల్లు తాళం వేసి బంధువుల ఇంటికి వెళ్లారు.

పెద్దకోడలు తిరిగొచ్చిందని టీ తాగిన ఆ సాయంత్రం గేటు దగ్గర బండి లేదు. రోజూ ఉన్నన్నాళ్లు తల వంచుకుని దాటేవాళ్లం. లేని రోజున ఎవరికీ అడుగు ముందుకు పడలేదు.

మూడు రోజులకు మళ్లీ వచ్చాడు. బండి నిండా బురద. హెల్మెట్టు తీసి కథలక్కను చూసి, "తాళం వేసుందక్కా" అన్నాడు.

"ఆ సీరియల్ చూడ్డం మానేశాను తమ్ముడూ" అంది కథలక్క.

"నేను మానలేదు."

కథలక్క చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. ఆమె కూడా మానలేదు. హాల్లో కథ చెప్పడం మాత్రం ఆపేసింది. ఇప్పటికీ రాత్రి అత్తకు అన్నం తినిపిస్తూ ఒక్క సీను వదలకుండా చూస్తుంది. పెద్దకోడల్ని ఎక్కడ దాచారో, ఎవరు పట్టించారో చూసుకుని నాకు ఫోను చేస్తుంది. అతను రేపు ఎక్కడ వెతుకుతాడో తెలుసుకోవడానికి ఆమెకు ఉన్న దారి అదొక్కటే.