మ్యూట్‌లో ఆడిన ఆట

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఆ ఆదివారం అక్క శ్రీనివాసపురం నుంచి మామిడిపండ్లతో వచ్చేసరికి, అటక మీంచి దించిన పాత వీడియో గేమ్‌ను విప్పడం, తుడవడం, మళ్ళీ బిగించడం ఇదే పనిగా ఉన్నాను.

"ఇంగా ఆడేకి అవుతుందా అది?" అని అక్క నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. మా చిన్నప్పుడు, నాయన పనిచేసే గనులు మూతపడబోయే ఏళ్ళలో, మా ఇంట్లో దిగులు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. టీవీ తెరను రెండు సగాలు చేసుకుని, తుపాకులతో ఒకరినొకరం వేటాడుకున్న ఈ ఆట ఒక్కటే మా సంతోషం. అదీ చప్పగా తేలితే, చిన్నతనంలో మంచిదని చెప్పుకోవడానికి ఇక ఏం మిగులుతుందని నా భయం.

ఇద్దరం ఆడి చూస్తే చప్పగానే తేలింది. మనుషుల ముఖాలు అట్టముక్కల్లా ఉన్నాయి. గురి ఒక పట్టాన కుదరదు. ఈ కాలం ఆటలకు అలవాటైన వేళ్ళు లేని బటన్ల కోసం తడుముకుంటున్నాయి. నాకు ఒళ్ళు మండింది. అక్క మాత్రం మామిడి రసం చేతులతోనే నన్ను కాల్చి పారేస్తోంది.

వెనక కుర్చీలోంచి నాయన అడిగాడు. "టీవీలో సౌండ్ పోయిందా?"

అప్పుడు చూసుకున్నాను. మ్యూట్ నొక్కింది నేనే, అలవాటు కొద్దీ. నాయన గనిలో దిగితే మా ఇంట్లో టీవీకి నోరుండేది కాదు. వేళ కాని వేళ గని సైరన్ మోగితే కింద ఏదో జరిగిందని అర్థం. అది అమ్మకు వినపడాలి. షిఫ్టు నుంచి వచ్చి ఆయన నిద్రపోతే అమ్మ మమ్మల్ని ఆట ముట్టనిచ్చేదే కాదు. అందుకే ఈ మ్యూట్ సంగతి ఆయనకు తెలియనే తెలియదు.

అక్క అదంతా చెప్పింది. నాయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఇప్పుడు ఇంట్లోనే ఉండాను గదా. పెట్టు," అన్నాడు.

పెట్టాను. అన్నేళ్ళు ఆడినా ఆ ఆటకు సంగీతం ఉందని మాకు తెలియదు. బాగుంది కూడా. అక్క తల ఊపుతూ ఆటలో ఒక తలుపు తీసింది. అచ్చం గని సైరన్‌లా అలారం మోగింది.

వంటింట్లోంచి అమ్మ చేతిలో కత్తితోనే వాకిలి దాకా పరుగెత్తింది. "యాడ? ఏమాయె?" అంటూ వెనక్కి తిరిగి, కుర్చీలో నాయనను చూసింది. గడప మీదే కూలబడిపోయింది.

"సైరన్ మోగినప్పుడంతా ఇట్లనే ఉరికినావా?" అని నాయన మెల్లగా అడిగాడు.

అమ్మ నా వైపు తిరిగింది. "సౌండ్ లేకుంటేనే బాగుండె ఆ ఆట," అంది.